రేకుల గది ఎండను గీసిన టీచరమ్మ

టీచరమ్మ పోయిందన్న సంగతి నాకు జిరాక్సు మెషీను ముందు తెలిసింది. ఎదురు బడి ఆయమ్మ వచ్చి మెడలో వేసుకునే గుర్తింపు కార్డు ఒకటి నా ముందు పెట్టింది.

"తాతా, గీ ఫొటో పెద్దగ తియ్యాలె. గోడకు పెట్టేంత."

కార్డు మీద ఉన్నది ఆ బళ్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచరమ్మ. "ఏంది, మీ సారు అవార్డు గిట్ల ఇస్తున్నడా?" అని నవ్వాను. ఆయమ్మ నవ్వలేదు.

"పొద్దుగాల ఛాతీల నొస్తుందన్నదంట. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పాణం పోయింది."

కార్డును అద్దం మీద బోర్లించి మూత వేశాను. చిన్న ఫొటోను పెద్దది చేస్తే మనిషి దగ్గరికి రాదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. నాలుగు సైజుల్లో తీసి చూసి, అన్నింటిలోకీ చిన్నదే ఇచ్చాను. "గోడ పెద్దగుంటే ఏంది, మనిషిని గుర్తువట్టాలె గద" అన్నాను. ఆయమ్మ దాన్ని కొంగులో పెట్టుకుని పోయింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. పాతబస్తీలో ఉప్పుగూడ స్టేషనుకు పోయే దారిలో బైండింగు దుకాణం నాది. బడికి పోయింది తక్కువ. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను జిగురు ఆరేలోపు చదివి చదువుకున్నవాణ్ణి. అందుకే నా చదువుకు మొదలూ చివరా ఉండవు. ఒక రాజ్యం చరిత్ర నాకు రాజుగారు మెట్ల మీంచి జారిపడేదాకానే తెలుసు. తర్వాతి కాగితాలు చెదలు తిన్నాయి. ఆయన లేచాడో లేదో ఇప్పటికీ తెలియదు. సరే, బైండింగు తగ్గాక జిరాక్సు పెట్టాను, తర్వాత రంగుల ప్రింటరు కొన్నాను. టీచరమ్మను మా దుకాణానికి తెచ్చింది ఆ ప్రింటరే.

గోదావరి వైపు మనిషి. భర్త ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, ఇన్నేళ్లుండీ "అండీ" వదల్లేదు. గల్లీలో అందరికీ నేను తాతను, లేదా చాచాను. ఆమె ఒక్కతే "బాబాయిగారూ" అనేది. మా ఇరానీ చాయ్‌ని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. "పాయసం తాగినట్టు ఉందండీ" అని మూతి ముడిచేది. ముడిచిన మూతితోనే కప్పు ఖాళీ చేసేది.

ప్రింటు చేతికిస్తే వెంటనే చదివేది కాదు. చేయి చాచి దూరంగా పట్టుకుని, కళ్లు సగం మూసి చూసేది. "కళ్లు సగం మూసినా తెలియాలండీ. అప్పుడే అది బొమ్మ" అనేది. నేనూ అలా చూడబోతే, గిరాకీలు నాకు కళ్లు కనబడడం లేదనుకుని వేరే దుకాణానికి పోయేవాళ్లు.

ఆ బడి డాబా మీద రేకులు వేసి ఆడపిల్లల తొమ్మిదో తరగతి పెట్టారు. ఒక ఏడాది ఎండలు మొదలవగానే పిల్లలు రావడం తగ్గింది. బడి నడిపే కరస్పాండెంటు పాతకాలపు వ్యాపార కుటుంబం మనిషి. చెడ్డవాడు కాదు, ఖాళీ బెంచీ కనబడితే నిద్రపట్టనివాడు. "రానోళ్లకు రూమెందుకు? వచ్చే ఏడు తొమ్మిది ఎత్తేస్తున్న" అన్నాడు. తొమ్మిది లేకపోతే పదీ లేనట్టే. ఇంకో బడి అంటే దబీర్‌పురా దాకా పోవాలి. అంత దూరం పంపే ఇళ్లు తక్కువ. చాలామంది పిల్లలకు చదువు అక్కడితో సరి.

నోట్సు జిరాక్సుకు వచ్చిన ఒక తల్లి మా దుకాణంలోనే అంది. "మా బిడ్డకు సద్వొద్దని లేదు చాచా. డాబా మీద తవా మీది రొట్టె లెక్క కాలుతరంట. ఒకదినం కండ్లు తిరిగి చక్కరొచ్చి పడ్డది. ఇగ నేనే పోవద్దన్న."

టీచరమ్మ పక్కనే నిలబడి విన్నది. మర్నాడు రేకుల గదిలో మేకు కొట్టి థర్మామీటరు తగిలించింది. రోజూ మధ్యాహ్నం తానే మెట్లెక్కి చూసి, ఆ రోజు హాజరు శాతం పక్కన వేడి ఎంతో కంప్యూటర్ షీటులో రాసేది. తర్వాత ఆ రెండింటినీ ఒకే బొమ్మలో చూపించడానికి కోడ్ రాయడం మొదలుపెట్టింది.

"మౌసుతోని రెండుసార్లు నొక్కితే బొమ్మ వస్తది గదమ్మా, గీ రాతలన్నీ ఎందుకు?" అన్నాను.

"చేత్తో అయితే మనకు నచ్చినట్టు సర్దుకుంటాం బాబాయిగారూ. రాసి పెట్టామనుకోండి, రేపు మనకు నచ్చని అంకె వచ్చినా అది అలాగే గీస్తుంది."

నాకు అర్థమైనంత చెబుతాను. ముందు నిలువు పట్టీల బొమ్మ ఒకటి తయారుచెయ్యమని కోడ్ చెబుతుంది. అది హాజరు. తర్వాత గీతల బొమ్మ ఇంకోటి. అది వేడి. ఆపైన ఒకే ఒక్క వాక్యం, రెండోదాన్ని మొదటిదాంట్లో కలపమని. షీటులో పెట్టేది మొదటిదాన్నే. రెండోది దాని చంకనెక్కి వచ్చేస్తుంది. ఇది విన్నప్పుడు నాకు మస్తు నచ్చింది. టికెట్టు లేకుండా అమ్మ చంకలో రైలెక్కిన రోజులు గుర్తొచ్చాయి. ఆ రైలు కథ వేరే ఉంది, వద్దులెండి.

మొదటి ప్రింటు చూస్తే వేడి గీత ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా పోయింది.

"గిదేంది టీచరమ్మా? ఎండ బట్టలారేసుకునే తీగ లెక్కుంది."

ఆమె కళ్లు సగం మూసి చూసింది. "పాపం, దానికి సొంత కొలత ఇవ్వలేదండీ" అంది. హాజరుకు వంద దాకా కొలత. వేడి పెరిగినా తగ్గినా ఆ కొన్ని డిగ్రీల్లోనే. వంద పక్కన అది కదిలినట్టే ఉండదు. కోడ్‌లో గీత దగ్గర ఇంకో మాట చేర్చి, దాని కొలతను కుడివైపు వేరే పెట్టించింది. ఈసారి గీత లేచినచోటల్లా పట్టీలు కుంగాయి.

నాకు హుషారెక్కింది. "కుడిపక్క అంకెలు ఇంకింత గుంజు. గుట్ట లెక్క లేవాలె! సారు బెదరాలె!"

"లేస్తుందండీ. కానీ అప్పుడు లేపింది నేనవుతాను, ఎండ కాదు."

అంతటితో ఊరుకోలేదు. కుడివైపు కొలత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ అంకెలను ఇంకా లావుగా అచ్చయ్యేట్టు మార్చింది. గెలవాలనుకునేవాళ్లు అవతలివాడికి అడగడానికి ప్రశ్న చేతికిస్తారా? ఈమె ఇచ్చేది.

కాగితాలు పట్టుకుని నేనూ వెంట పోయాను. కరస్పాండెంటు ముందు ఆ అంకెలే చూశాడు. "గీ కుడిపక్కవేంది?" అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన తల ఊపి, "ఎండ కాదు టీచరమ్మా. పెండ్లిళ్ల సీజను. ఇండ్లల్ల పెండ్లిళ్లుంటే ఆడపిల్లలు బడికొస్తరా?" అన్నాడు.

ఆమె వాదించలేదు. "అదీ చూస్తానండీ" అని లేచింది. మర్నాడు అదే కోడ్ తీసి, హాజరు అంకెలు ఎక్కడివో చెప్పే చోట మాత్రం మార్చింది. కింది అంతస్తులో చదివే ఎనిమిదో తరగతి ఆడపిల్లలవి. అవే రోజులు, అదే వేడి గీత, అవే గల్లీలు. పట్టీలు మాత్రం పాతబస్తీ కోటగోడలా వరసగా నిలబడ్డాయి.

కరస్పాండెంటు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. రెండింటి పట్టీల మీదా వేలు జరిపి చూసి, తానే నవ్వాడు. "అంటే ఎనిమిదోళ్ల ఇండ్లల్ల పెండ్లిళ్లు అయితలేవన్నట్టు!" తర్వాత నవ్వు ఆపాడు. "సరే. తొమ్మిది ఎత్తెయ్య. కానీ కిందికి దించాలంటే జాగేది? సల్లగ, ఖాళీ చెయ్యగలిగే రూము ఒక్కటే ఉంది. అది నీ కంప్యూటర్లది."

ఆ గది కోసం ఆమె ఎన్నేళ్లు పోరిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చెప్పులు బయట విడవందే ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు. కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుని, "అదే ఇవ్వండి సార్" అంది.

రోడ్డు మీదికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "నీ రూమే పోతదని ముందే ఎర్కనా?"

"తెలిసుంటే గీసేదాన్నో లేదో. అది మాత్రం నన్నడక్కండి బాబాయిగారూ."

ఆ జవాబుకు నేను ఆమెకు ఇప్పటికీ దండం పెడతాను. తెలుసని చెబితే గొప్పదయ్యేది. చెప్పలేదు.

కంప్యూటర్లు రేకుల గదికి పోయాయి. ఆ ఎండకు ఒకటొకటిగా లేవడం మానేశాయి. ఇక ఆమె మెట్ల కింద నల్లబల్ల పెట్టుకుని సుద్దతో కోడ్ రాసేది. ఒక అమ్మాయి పట్టీల బొమ్మ, తెల్ల సుద్ద. ఇంకో అమ్మాయి గీత, ఎర్ర సుద్ద. ఆమె ఒక్కో వరస చదివితే వాళ్లు గీయాలి. ఒకసారి తెల్లసుద్ద పిల్ల కుడివైపుకు పోయి "వేడి" అని పేరు రాయబోయింది. "అది నీ పని కాదమ్మా" అని ఆపింది. "కుడివైపు కొలత పేరు ఎర్రసుద్ద అమ్మాయే రాసుకోవాలి. కోడ్‌లోనూ అంతే. మొదటి బొమ్మకు చెప్పామా, ఉలకదు పలకదు." పిల్ల నాలుక కరుచుకుని వెనక్కి వచ్చింది. నేను మా దుకాణం ముందు స్టూలు వేసుకుని ఈ బడికి చాలా రోజులు పోయాను. ఫీజు అడగలేదు.

నిన్న బళ్లో సంతాపసభ అంటే వెళ్లాను. మధ్యాహ్నం, మంచి ఎండ. మెట్ల దగ్గర ఒక పిల్ల ఎదురొస్తే అడిగాను. "తొమ్మిదో తరగతి ఏడుంది బిడ్డా?"

"కంప్యూటర్ రూంల తాతా" అంది, అదేం ప్రశ్న అన్నట్టు చూసి.

ఆ రూంలో ఆ పిల్ల ఒక్క కంప్యూటరైనా చూసి ఉండదు. తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి తొంగి చూశాను. చల్లగా ఉంది. బెంచీ ఖాళీ లేదు. గోడ పొడుగునా, కూర్చున్నవాళ్ల మోచేతి ఎత్తులో, ఒకప్పటి కరెంటు ప్లగ్గులు వరసగా ఇంకా అలాగే ఉన్నాయి. వాటి స్విచ్చులకు పిల్లలు టిఫిను సంచులు తగిలించుకున్నారు.