చేతులు వెనక్కి పెట్టుకున్న పంతులమ్మ

మా బడి పెద్ద పంతులమ్మ పోయిన వారం కన్నుమూసింది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, చాలా ఏళ్ళుగా కిరాయికి ఉంటున్న గదిలోనే పోయింది. బడికి సెలవులు కావడంతో నాకు కబురు అబిడ్స్ పోస్టాఫీసు మెట్ల మీద తెలిసింది. మా గల్లీలో పాలు పోసే అతను ఎదురై, "మీ పెద్ద పంతులమ్మ పోయింది గద, మీకు తెల్వదా?" అన్నాడు. అప్పటికే దహనం కూడా అయిపోయింది. ఏడేళ్ళు ఆమె పక్కన పనిచేసిన నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను ఆ బడిలో చేరాను. చిన్నపిల్లల తరగతి ఆమెది, నేను ఆమెకు తోడు. పలక పట్టే ముందు చేతులకు పని రావాలన్నది ఆమె పద్ధతి. వానలు పడగానే పాత ఉర్దూ పత్రికలతో పడవలు చేయించి, గల్లీలో పారే నీళ్ళలో వదిలించేది. ఎండాకాలంలో తాటాకు చిలకలు, మామిడాకు బూరలు. ఆ బూరల మోతకు పక్కింటి వకీలు గారు కిటికీలు మూసుకునేవారు. చవితికి బంకమట్టితో వినాయకుళ్ళు. ఒకసారి ఒక పిల్లవాడి వినాయకుడికి తొండం ఊడి పడింది. నేను అతికించబోయాను.

"జర ఆగు బిడ్డా. వాడు అడిగిండా నిన్ను?" అంది.

వాడు అడగలేదు. కాసేపు తొండం వంక చూసి, దాన్ని ఉండ చేసి, లడ్డూ అని దేవుడి చేతిలో పెట్టాడు. ఆమె ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

పిల్లల పనిని పెద్దవాళ్ళు దిద్దితే ఆమెకు ఒళ్ళు మండేది. తరగతిలో తిరిగేటప్పుడు తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తో ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకునేది. ఎందుకని అడిగాను. "నా చెయ్యి నా మాట ఇనదు. దానికి దిద్దుడు రోగం. అందుకే పట్టుకున్న" అంది. చూడటానికి వచ్చిన తల్లులకూ అదే చెప్పేది: "చేతులు ఎనకకు పెట్టుకోన్రమ్మా. కండ్లతోని చూడున్రి."

ఇక బతుకమ్మ వస్తే మా తరగతి నేల మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. సుల్తాన్ బజార్ మూల మీద పల్లెల వాళ్ళు తెచ్చి అమ్మే గునుగు, తంగేడు పూల కట్టలు కొనుక్కొచ్చేవాళ్ళం. పిల్లలు గునుగు కొసలను రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టి, గుమ్మడాకు పరిచిన పళ్ళెంలో వరసలుగా పేర్చేవాళ్ళు. ఒకటి పక్కకు వాలేది, ఒకటి మధ్యలో కూలబడేది. అన్నీ ఆమెకు అందమైనవే.

ఒక ఏడు ఒక చిన్నపిల్ల తన బతుకమ్మను ఆమె ముందుకు తెచ్చి, పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను చేతికిచ్చింది. "పంతులమ్మా, నువ్వే పెట్టు."

ఆమె భర్త పోయి అప్పటికే చాలా కాలమైంది. గౌరమ్మను ముత్తయిదువలే పెట్టాలని మా వైపు పట్టింపు. ఆమెకు తెలియక కాదు. కానీ అడిగింది పిల్ల. చేతులు ముందుకు తెచ్చి, గౌరమ్మను తీసుకుని పూల మీద పెట్టింది. వాకిట్లో నిలబడ్డ ఆ పిల్ల తల్లి చూసింది. లోపలికి వచ్చి, పళ్ళెం లాక్కుని, బయట మురుగు మోరీలో బోర్లించి, పిల్ల రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. గల్లీ మలుపు దాకా ఆ పిల్ల ఏడుపు వినబడింది.

మర్నాడు బడి కార్యదర్శి గారు వచ్చారు. "పంతులమ్మా, బతుకమ్మ తొమ్మిది దినాలు మీరు సెలవు తీసుకోన్రి. ఇంట్ల ఆరాం చేయున్రి" అన్నారు. ఆ ఏటికే కాదు, ప్రతి ఏటికీ. వెళ్ళగొట్టడానికి సెలవని పేరు పెట్టారు. నేను కొట్లాటకు లేస్తే ఆమే నన్ను పక్కకు లాగింది. "గిట్ల నోరు చేస్తే నిన్ను గూడ తీసేస్తరు. గప్పుడు ఈ పొల్లగాండ్ల చేతులకు దిక్కెవరు?"

మొన్న బడిలో సంతాప సభ పెట్టారు. ఆ కార్యదర్శి గారే ఆమె పటానికి దండ వేసి మాట్లాడారు. "పంతులమ్మ మర్యాద తెలిసిన మనిషి. శుభమైన వస్తువు ముట్టకపోయేది. చేతులు ఎప్పుడు చూసినా ఎనకకే ఉండేటివి. గసొంటోళ్ళు ఇప్పుడు దొరకరు." ముందు వరసలో ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు.

నేను లేచాను. "ఆమె చేతులు ఎనకకు పెట్టుకున్నది పొల్లగాండ్ల పని చెడగొట్టొద్దని. మీ పండుగ చెడుతదని కాదు."

ఎవరో దగ్గారు. "కూసో అమ్మా, బాధల ఉన్నవు" అన్నారు కార్యదర్శి గారు. తర్వాత అందరికీ చాయ్ ఇచ్చారు.

బతికుండగా ఆమెను పండుగ నుంచి వెళ్ళగొట్టారు. పోయాక ఆమె పద్ధతిని కూడా కాజేసి, దాన్ని అణకువ అంటున్నారు. రేపు చేరబోయే పంతులమ్మలకు ఆమెను చూపించి చేతులు ముడుచుకోమంటారు. ఇది నేను సహించలేను. అందుకే ఆ సభలో చెప్పనిది ఒకటి మీకు చెబుతాను. అక్కడ వినే అర్హత ఎవరికీ లేదు.

నిరుడు సద్దుల బతుకమ్మ సాయంత్రం, ఆఖరి రోజున అందరూ బతుకమ్మలను నీళ్ళలో వదలడానికి చెరువులకు మోసుకుపోయే వేళ, పిల్లలను ఇళ్ళకు పంపి ఆమె గదికి వెళ్ళాను. ముందు తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె వెనక పెరట్లో, బట్టలు నానేసే గంగాళం ముందు గొంతుక్కూర్చుని ఉంది. నిండా నీళ్ళు. నీళ్ళ మీద ఒక చిన్న బతుకమ్మ, పైన పసుపు గౌరమ్మ. ఆమె చేతులు మణికట్ల దాకా గులాబీ రంగు. నన్ను చూసి దాచుకోలేదు.

"జర వంకర వచ్చింది" అంది. "కానీ, నాదే గద."

నన్ను పక్కన కూర్చోమని, నీళ్ళను వేలితో మెల్లగా కదిపింది. బతుకమ్మ గంగాళం అంచు వెంబడి ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఆమె ముందుకే వచ్చి ఆగింది.