గేటుకు అవతల మూడు మెట్లు

మా చెరువు గురించి ఇంతవరకూ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోయినా నేనే చెప్పాను. తమిళంలో ఏడు వినతిపత్రాలు ఇచ్చాను, ఇంగ్లీషులో రెండు. ఒక్కదానికీ జవాబు లేదు. ఒక ఆఫీసులో నా కాగితం మీద టీ గ్లాసు పెట్టారు. ఆ గుండ్రటి మరక నాకు ఇంకా కళ్ల ముందే ఉంది, పెట్టిన మనిషి మొహం కూడా. అందుకే ఇప్పుడు మేం ఇంట్లో మాట్లాడుకునే భాషలో రాస్తున్నాను. కోయంబత్తూరులో మా వాళ్లకు తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. బళ్లో అందరిదీ తమిళమో ఇంగ్లీషో. నేను పంపుసెట్లు అమ్మే పని మీద ఎనిమిదేళ్లు చిత్తూరు జిల్లా అంతా తిరుగుతూ, బస్సుల బోర్డులు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మా వీధిలో దీన్ని చదవగలిగేవాళ్లు నలుగురు ఉంటారేమో. ఆ నలుగురూ చదివి మిగతావాళ్లకు వినిపించండి.

మూడేళ్లు తవ్వి, పూడ్చి, మళ్లీ తవ్వి మా చెరువు గట్టును పార్కు చేశారు. ప్రారంభోత్సవం నాడు ఒకాయన మైకు పట్టుకుని, చెరువును ప్రజలకు తిరిగి ఇచ్చేశామన్నాడు. ఎవరి దగ్గర్నుంచి లాక్కుని ఇచ్చాడో చెప్పలేదు. అంతకుముందు అది మా దగ్గరే ఉండేది.

ఇప్పుడక్కడ ఊరి పేరు మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాల్లో నిలబడి ఉంది, పక్కన ఎర్రటి గుండె. ఉన్న గడ్డి పెరికేసి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. దాని మీద కూర్చోకూడదని బోర్డు. ఆ బోర్డు అవసరం లేదు, మధ్యాహ్నం అది పెనంలా కాలుతుంది, బతిమాలినా ఎవడూ కూర్చోడు. సిమెంటు జింకలు మూడున్నాయి, ఒకదానికి అప్పుడే చెవి లేదు. బెంచీలన్నీ నీళ్లకు వీపు పెట్టుకుని ఉన్నాయి. వాటి మీద కూర్చుంటే కనబడేది చెరువు కాదు, బొజ్జ తగ్గించుకోవడానికి నడిచేవాళ్ల బూట్లు. నీళ్ల పొడవునా ఛాతీ ఎత్తు స్టీలు కంచె. నీళ్లను చూడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు, తాకకూడదు. పెళ్లిచూపుల్లో కూడా ఇంతకంటే చనువు ఉంటుంది.

ఆ కంచెకు అవతల మా రేవు ఉంది. పదిహేను మెట్లలో పన్నెండు గ్రానైటు కింద పోయాయి. అడుగున మూడు మిగిలాయి. వాటి దగ్గర కంచెలో ఒక చిన్న గేటు పెట్టారు. గేటుకు తాళం ఉంది. నా గొడవంతా ఆ తాళం గురించే.

మా అక్కకు డెబ్బై రెండేళ్లు. మారియమ్మ పండగకు ఏటా మొలకల కుండ పెడుతుంది. చెరువు మన్ను తెచ్చి కుండలో పోసి, నవధాన్యాలు చల్లి, వెలుతురు చొరబడని గదిలో పెంచుతుంది. ఎండ తగలని ఆ మొలకలు లేత పసుపు రంగులో జానెడు ఎత్తు లేస్తాయి. ధాన్యం చల్లిన రోజే చేతికి పసుపు దారం కట్టుకుంటుంది. పండగ ఆఖరి సాయంత్రం కుండను తల మీద పెట్టుకుని రేవుకు పోయి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి వదులుతుంది. మన్ను ఆ చెరువును అడిగి తెచ్చింది కాబట్టి ఆ చెరువుకే తిరిగి ఇవ్వాలి. ఇచ్చాకే దారం విప్పాలి. దారం చేతికి ఉన్నన్నాళ్లూ ఊరి పొలిమేర దాటకూడదు. మా వాళ్లలో ఇది అందరికీ తెలుసు, మిల్లులు పెట్టి కార్లు కొన్నవాళ్లకు కూడా.

ఈ ఏడు కుండ పెట్టింది కూతురి కోసం. ఆ పిల్లను ఉడుమలైపేటలో ఇచ్చారు. పెళ్లయిన పన్నెండేళ్లకు కడుపు పండింది. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు కాబట్టి కాన్పు అక్కడే. అక్క దారం కట్టుకున్న నాలుగో రోజు ఆడపిల్ల పుట్టింది. పండగ ముగిశాక మర్నాడు పొద్దున బస్సెక్కి మనవరాలిని చూడాలని అక్క సంచీ కూడా సర్దుకుంది.

మన్ను తెచ్చిన పొద్దున ఆ గేటు తెరిచే ఉంది. నీళ్లలో గుర్రపు డెక్క తీసే ఆడవాళ్లు లోపల పని చేస్తున్నారు. వాళ్లలో ఒకామె అక్కను చూసి ఏమీ అడగకుండానే తట్టెడు మన్ను ఎత్తి ఇచ్చింది. ఈ పార్కు మొత్తంలో మర్యాద తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ పని అయిపోయింది. మళ్లీ వానల తర్వాతే వస్తారట.

ఆఖరి సాయంత్రం మా వీధి ఆడవాళ్లు పదకొండు మంది కుండలు ఎత్తుకుని పోయారు. గేటుకు తాళం. గేటు పక్కన నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి, దాంట్లో సగానికి నీళ్లు. ప్లాస్టిక్ గడ్డి మీద కూర్చోకూడదన్న బోర్డు పక్కనే నిలబడి కుర్రకారు సెల్‌ఫోన్లు ఎత్తి మా ఆడవాళ్లను వీడియో తీస్తున్నారు. తొట్టి దగ్గర మా మేనబావ కొడుకు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడికి పంపుల ఫౌండ్రీ ఉంది. వీధికి తనే పెద్దననుకుంటాడు. నన్ను వెనకాల పెటిషన్ మామ అంటాడని నాకు తెలుసు.

“పెద్దమ్మా, ఆఫీసోళ్లతో నేనే మాట్లాడి తొట్టి పెట్టిచ్చినాను. దాంట్లో ఉండేది చెరువు నీళ్లే కదా. వదిలేయండి, అంతే,” అన్నాడు.

అక్క కుండ దించలేదు. తల మీద పెట్టుకునే అడిగింది. “నీ కొడుక్కి పళనికని మొక్కుకుంటివే, ఆడికి పోకుండా సెలూన్లో గుండు కొట్టిచ్చి సామికి ఫొటో పంపిచ్చితివా?”

“అది వేర, ఇది వేర పెద్దమ్మా.”

“ఏంటికి వేర? గుడ్డలు నానేసే తొట్టిలో అమ్మోరి కుండ వదలమంటుండావే. నీకు తెలిసినంత మర్యాద నాకు తెలీదు గానీ, నేను పోయొస్తాను.”

మిగతా పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకుని తొట్టిలోనే వదిలారు. తెల్లారేసరికి పార్కు ఊడ్చేవాళ్లు ఆ మొలకలను తీసి చెత్తబండిలో వేశారు. నేను నిలబడి చూశాను. అక్క మాత్రం కుండను ఇంటికి తెచ్చి వసారాలో పెట్టింది.

మర్నాడు తాళంచెవి కోసం బయల్దేరాను. పార్కు కాపలావాడు “చావి ఎన్‌కిట్ట ఇల్ల సార్” అని, తాళంచెవి తన దగ్గర లేదంటూ చేతులు విదిలించాడు, అదేదో నేను వాడి జేబులోంచి లాక్కోబోయినట్టు. సూపర్‌వైజర్ని అడగమన్నాడు. సూపర్‌వైజరు కాంట్రాక్టరును అడగమన్నాడు. కాంట్రాక్టరు ఆఫీసు పోదనూరులో. రెండు బస్సులు మారి పోయాను. అక్కడివాడు కుర్చీలోంచి లేవకుండానే, పని ముగించి అంతా అప్పజెప్పేశామన్నాడు. ఎవరికి అంటే “ఆఫీసుకు” అన్నాడు. ఆ ఆఫీసులో మూడో అంతస్తు, లిఫ్టు పని చేయదు. అధికారి నన్ను కూర్చోమనలేదు. ఫోను మీంచి కళ్లు ఎత్తలేదు.

“ఫుల్ పబ్లిక్ యాక్సెస్ కుడుత్తిరుక్కోం సార్,” అన్నాడు. ప్రజలందరికీ పూర్తిగా తెరిచి ఇచ్చారట.

“నీళ్ల దగ్గరికి?” అన్నాను.

“వ్యూయింగ్ యాక్సెస్, సార్.”

చూడడానికి తెరిచారన్నమాట. అంతమాత్రానికి చెరువెందుకు, క్యాలెండరు చాలదా? తాళంచెవి సంగతి మళ్లీ అడిగాను. అది కాపలావాడి దగ్గరే ఉంటుందన్నాడు. తిరిగి వచ్చి కాపలావాణ్ణి అడిగితే వాడు నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు కూడా నేను మరిచిపోను.

ఇప్పటికి పండగ ముగిసి ఇరవై ఒక్క రోజులు. మొలకలు వడలి కుండ అంచుల మీద వాలిపోయాయి. అక్క రోజూ దోసెడు నీళ్లు చల్లుతుంది. దారం పసుపు పోయి మట్టి రంగుకు వచ్చింది. ఉడుమలైపేటలో బిడ్డను ఉయ్యాల్లో వేసే ముహూర్తం రెండుసార్లు వాయిదా వేశారు. మొన్న కూతురు ఫోనులో ఏడ్చింది.

“మా అత్తగారు ఏమంటుండాదో తెలుసామ్మా? మీ అమ్మకు మనవరాలి కంటే ఆ కుండే ఎక్కువా అంటుండాది.”

“చెప్పు, ఎక్కువ తక్కువ లేదని. మొక్కింది దానికి, పుట్టింది ఇది,” అంది అక్క. ఫోను పెట్టేశాక దారం ఉన్న చేతిని చీర కొంగులో దాచుకుని కూర్చుంది.

ఆఫీసువాళ్ల మీద నాకున్న కోపంలో సగం మా వాళ్ల మీద కూడా ఉంది. పార్కు మొదలుపెట్టక ముందు మా కల్యాణ మండపంలో ఆఫీసువాళ్లు ఒక మీటింగు పెట్టారు. ఆడవాళ్లంతా వెనక వంటింట్లో బజ్జీలు వేస్తున్నారు. నేను ముందే పోయి మొదటి వరసలో కూర్చున్నాను. మేనబావ కొడుకు వచ్చి, అందరూ వినేటట్టు, “మామా, అవి ఆఫీసర్లకు వేసిన కుర్చీలు. లేయండి, వెనకాల పోండి,” అన్నాడు. లేచాను. వెనక ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇక ఏదడగాలన్నా నన్ను వెతుక్కుంటూ రావాలి, అప్పుడు చెబుతాను అనుకున్నాను.

ఆఫీసువాళ్ల తరఫున పార్కు పటం చూపిస్తున్న ఒక అమ్మాయి మా రేవు మీద వేలు పెట్టి, ఈ మెట్లు ఎవరైనా వాడతారా అని తమిళంలో మంచిగానే అడిగింది. మొదటి వరసలోంచి మా ఫౌండ్రీవాడు లేచాడు. చెప్పులు లేకుండా ఆ మెట్ల మీద పెరిగినవాడు, ఇంగ్లీషులో, “నో మేడమ్, నోబడీ. అందరి ఇళ్లలో అటాచ్డ్ బాత్రూములు ఉన్నాయి,” అన్నాడు. అందరూ నవ్వారు. పల్లెటూరివాళ్లం అనుకుంటారేమోనని, మోకాళ్ల దాకా చీర ఎత్తి నీళ్లలో దిగే తల్లులూ పెళ్లాలూ ఉన్నవాళ్లు ఒక్కరూ కాదనలేదు. ఆ అమ్మాయి పటం మీద ఏదో గుర్తు పెట్టుకుంది. వంటింట్లోంచి నూనె చిటపటలు వినబడుతున్నాయి. నేను గోడ దగ్గర అలాగే నిలబడ్డాను.

నిన్న అక్క దగ్గర ఆ బావ కొడుకును తిడుతున్నాను. అక్క కుండకు నీళ్లు చల్లుతూ వింది.

“వాడు సరే. నువ్వేంటికి నోరు తెరవలే?”

“అంతమంది ముందర కుర్చీలోంచి లేపినాడు కదక్కా.”

“లేపినాడు. నిలబడే ఉంటివి కదా? నిలబడినోడివి చెప్పేసుంటే ఏమి?”

 పోనీ ఆ తాళం పగలగొట్టనా అన్నాను.

“దొంగ మాదిరి పోతానా నేను? పిలిస్తే పోయేది ఆ రేవుకు. గేటు తీస్తేనే పోతాను.”

కాబట్టి ఆ రోజు చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ మెట్లు మేం వాడతాం. మా అక్క వాడుతుంది. ఎవరూ వాడరని చెప్పినవాడు అబద్ధం చెప్పాడు, విని ఊరుకున్న నేనూ అందులో ఉన్నాను. పటం ఉన్నవాళ్లు ఆ గుర్తు కొట్టేయండి. రేపు పొద్దున పార్కు తెరిచే వేళకు నేనూ అక్కా కుండతో సహా ఆ గేటు ముందు ఉంటాం. మాకు కుర్చీలు అక్కర్లేదు, తొట్టీ అక్కర్లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఆ మనిషి వచ్చి నాకు జవాబు చెప్పాలి.