తొమ్మిది దగ్గర ఆగిపోయిన లెక్క

మా చిన్నప్పుడు... తెల్లారగట్ల మా నర్సీపట్నం శివార్లో ఒక గొంతు వినపడేది. "లాభం... రెండు... మూడు..." అని. ఎవరో ధాన్యం కొలుస్తున్నారనుకునేరు. కాదండోయ్! సన్నిబాబు మాస్టారు నాచేత బస్కీలు తీయిస్తున్నారన్నమాట.

ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు కదా, లాభం అంటారు. మాస్టారిది ఒంటికి కూడా అదే లెక్క. "ఒల్లూ పంటేనే గుంటా" అనేవారు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు లెండి.

నాకప్పుడు పదేళ్ళు. జ్వరమొచ్చి తగ్గాక కుడికాలు చీపురుపుల్లలా అయిపోయింది. నాన్న ఖరాఖండీగా చెప్పేశాడు... బళ్ళు తెరిచేనాటికి సరిగ్గా నడిస్తేనే హైస్కూలు, లేకపోతే ఇంట్లోనే అని. అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చదువుకీ కాలికీ ఏటండీ సంబంధం?

అమ్మే తీసుకెళ్ళి మాస్టారి ముందు నిలబెట్టింది. జీడితోట పక్కన తాటాకుల పాక, మట్టినేల, పెద్దవాళ్ళు ఎత్తే సంగిడి రాళ్ళు... అదే ఆయన తాలింఖానా. మగపిల్లలు తప్ప ఎవరూ రాని చోటు. ఆయన నా కాలు తడిమి చూసి, కొబ్బరికాయంత రాయి నా చేతిలో పెట్టారు. రెండే నియమాలు. ఒంటరిగా బరువెత్తకూడదు, వెనక లెక్కపెట్టే మనిషి ఉండాలి. ఎత్తుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూడకూడదు.

"ఎందుకండీ మాస్టారూ?" అన్నాను.

"లెక్కెట్టినోడు బరువులో సగం మోస్తాడే. నువ్వెనక్కి సూసినావంటే ఆ సగం నీ మెడ మీద పడిపోద్ది. సూపు ముందుకెట్టు... బేగి కూకో!"

రాయిని గుండెలకి హత్తుకుని పది బస్కీలు తీయాలి. మొదట్లో మూడింటికే కూలబడేదాన్ని. వేసవి సగానికి ఆరు... తర్వాత ఎనిమిది. కాలికి కండ పడుతోందేమో అని రోజుకి వందసార్లు నొక్కి చూసుకునేదాన్ని. అబ్బో, ఏం గర్వమో!

బళ్ళు తెరవడానికి వారం ఉందనగా ఒకరోజు వెళితే పాకలో ఎవరూ లేరు. వస్తారులే అని రాయి ఎత్తుకుని నిలబడ్డాను. వెనక చుట్ట వాసన వచ్చింది... మాకు వద్దని చెప్పి తను మాత్రం గుప్పుగుప్పుమని కాల్చేవారు మహానుభావుడు! "లాభం" అని వినపడింది. హమ్మయ్య అనుకుని మొదలుపెట్టాను. మొదటిసారి పదీ తీశాను! రాయి దించి సంబరంగా తిరిగి చూస్తే... పాక ఖాళీ. ఎవరో రొప్పుతున్నట్టు ఆయాసం మాత్రం వినపడుతోంది. అది నాది కాదు.

మర్నాడూ అంతే. మూడో రోజు ఇక ఉండబట్టలేక వాళ్ళింటికి పరిగెత్తాను. మాస్టారి భార్యని మామ్మ అని పిలిచేదాన్ని. నన్ను గుమ్మంలోనే ఆపేసింది.

"మాస్టారు పాక నుంచి వచ్చేశారా మామ్మా?"

"ఏటే నువ్వనేది? ఆయన మంచమెక్కి మూడ్రోజులైపోనాది. తెల్లారగట్ల మాత్రం లాభం, రెండు, మూడు అని కలవరిస్తన్నారు. పది అనీసరికి ఒల్లంతా సెమట్లు... రోజురోజుకీ నీరసమైపోతన్నారు. నీకు దండవెడతాను తల్లీ, ఆ రాయి ఆపీయే."

ఆపేస్తానని మామ్మకి ఒట్టు వేశాను. కానీ మర్నాడే నాన్న నన్ను రోలుగుంట రోడ్డు దాకా నడిపించి చూస్తానన్నాడు. ఒక్కరోజే కదా... ఈ ఒక్కసారికే కదా... అనుకుని తెల్లారగట్ల పాకకి వెళ్ళాను. వెళ్ళి రాయి ఎత్తాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు లెక్క చాలా నెమ్మదిగా వచ్చింది. ఒక్కో అంకెకీ మధ్య ఎంతసేపో... ఎనిమిది... తొమ్మిది... నేను గొంతుక్కూర్చుని ఎదురుచూశాను. పది రాలేదు.

రోడ్డు దాకా కుంటకుండా నడిచాను. నాన్న వీపు తట్టాడు. మేం తిరిగొచ్చేసరికి మాస్టారింటి ముందు జనం మూగి ఉన్నారు.

హైస్కూలుకి వెళ్ళాను. టీచర్నీ అయ్యాను. ఇప్పుడు నలభై ఏడేళ్ళ తర్వాత ఆ కాలు మళ్ళీ మొండికేసింది. మెట్లెక్కలేకపోతుంటే మా అమ్మాయి ఆన్‌లైన్లో ఒక కోచ్‌ని మాట్లాడిపెట్టింది. విశాఖలో ఉంటాడు, మర్యాదస్తుడు. ఫోను కుక్కర్‌కి ఆనించి, డంబెల్ పట్టుకుని బస్కీలు తీసి... ఆయన స్క్వాట్స్ అంటాడు లెండి... వీడియో పంపాలి. పొద్దున్నపూట ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.

మొన్న ఆయన వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"ఫామ్ బాగుంది మేడమ్. వెనక లెక్కపెడుతున్న పెద్దాయన ఎవరండీ? ఒకటి బదులు లాభం అంటున్నారు, భలే ఉంది. కానీ బాగా ఆయాసపడుతున్నారు, కాస్త కూర్చోమనండి. ఇంకోటి... పది చెయ్యమన్నాను కదా, మీరు రోజూ తొమ్మిదికే ఆపేస్తున్నారు."

ఆ వీడియో ఎన్నిసార్లు వేసి చూశానో! నా ఊపిరి తప్ప నాకేమీ వినపడలేదు. తొమ్మిదికే ఆపేస్తున్నానని కూడా నాకు తెలీదండీ, ఒట్టు.

నిన్న పొద్దున్న మళ్ళీ నిలబడ్డాను. వెనక చుట్ట వాసన... తొమ్మిది అయ్యాయి. నేను వెనక్కి చూడలేదు. "మాస్టారండీ... నన్ను క్షమించండి. మామ్మకి ఒట్టేసి కూడా ఆ రోజు వచ్చాను. ఇంక చాలు, మీ సగం కూడా నాకే ఇచ్చీండి" అన్నాను.

చేతిలో డంబెల్ ఒక్కసారిగా రెట్టింపు బరువెక్కింది. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. కూర్చుని, పళ్ళ బిగువున లేచాను. "పది" అని నేనే పైకి అన్నాను. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

సాయంత్రం కోచ్ మెసేజ్ పెట్టాడు. "పది చేశారు, సూపర్ మేడమ్! ఇవాళ పెద్దాయన లేరా?"

ఇప్పుడు లెక్కపెట్టడానికి చేతికి వాచీలున్నాయి, ఫోన్లో యాప్‌లున్నాయి. తప్పు చెప్పవు, అలిసిపోవు. బరువులో సగం మాత్రం మోయవు... చిన్నప్పుడు మీ వెనక నిలబడి లెక్కపెట్టింది ఎవరు? వాళ్ళకి పది చెప్పేశారా? చెప్పకపోతే కింద రాయండి... పాపం, వాళ్ళు ఇంకా మోస్తూనే ఉంటారు.