రేకుల షెడ్డులో చెక్కపొడి

తిరువూరులో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. స్కూటరు కోసమని వేయించాం కానీ, ఇప్పుడు స్కూటరు బయట వానకి తడుస్తుంది, లోపల నా పని బల్ల ఉంటుంది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చెక్కపని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన వడ్రంగి. ఆడపిల్లకి ఈ పనెందుకని ఎవరైనా అంటే "దానికీ చేతులున్నాయిగా" అనేవాడు. అంతకుమించి వాదించేవాడు కాదు.

నాన్న సాండ్‌పేపరు చేత్తో రుద్దేవాడు. పొడి ఆయన కాళ్ళ దగ్గరే పడేది. నేను జీతం డబ్బుల్లోంచి కరెంటు సాండర్ కొనుక్కున్నాను. పని ఎంత తేలికయిందో పొడి అంత సన్నబడింది. మైదాపిండిలా లేచి, రేకుల దాకా వెళ్ళి, ఎప్పుడో కిందికి దిగేది. నేను చున్నీ ముక్కుకి చుట్టుకునేదాన్ని. పనయ్యాక చీపురుతో ఊడ్చేదాన్ని. అదే జాగ్రత్త అనుకున్నాను.

ఒక ఏడాది మా చర్చికి కొత్త పుల్పిట్ కావాలన్నారు, పాస్టరుగారు నిలబడి వాక్యం చెప్పే బల్ల. నేను చేస్తానన్నాను. పాత ఇంటి తలుపుల టేకు దొరికింది. క్రిస్మస్‌కి పూర్తవ్వాలని స్కూలు నుంచి రాగానే షెడ్డులోకి వెళ్ళేదాన్ని. పాత రంగు, పాత పాలిష్ తీయడం, టేకు నున్నగా రుద్దడం, అన్నీ సాండర్‌తోనే చేశాను. వెనక పలకలకి ఎం.డి.ఎఫ్. షీటు కోశాను, చెక్కపొడిని జిగురుతో అదిమి చేసేది.

దగ్గు ముందు పొద్దున్నే వచ్చేది. ముసురు వల్ల అనుకున్నాను. తర్వాత క్లాసులో మొదలైంది. ఒకరోజు బోర్డు మీద త్రిభుజం గీసి, సిద్ధాంతం చెప్పబోయి, వాక్యం మధ్యలో ఊపిరి అందక ఆగిపోయాను. బోర్డు పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయపడ్డాను.

విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి మావారు తీసుకెళ్ళారు. ఆ డాక్టరు గొట్టంలోకి ఊదించి, కాగితం చూసి, "కట్టెల పొయ్యి మీద వండుతారామ్మా?" అన్నాడు.

"లేదండి. గ్యాసే."

"ఇంట్లో సిగరెట్లు ఎవరైనా కాలుస్తారా?"

"ఎవరూ కాల్చరండి."

"మరి రోజూ ఇంటికెళ్ళాక ఏం చేస్తారు?"

"చెక్కకి సాండింగ్ చేస్తానండి."

ఆయన పెన్ను కింద పెట్టి మావారి వైపు చూశాడు. మావారు అవునన్నట్టు తలూపారు. అప్పుడు వివరంగా అడిగాడు: ఏ చెక్క, ఎంతసేపు, ముక్కుకి ఏం కట్టుకుంటారు. చున్నీ అన్నాను. "కంటికి కనిపించే పొట్టుని ముక్కే ఆపుకుంటుందమ్మా. కనిపించనిదే లోపలికి వెళ్ళేది. చున్నీ దాన్ని ఆపలేదు. టేకు కొంతమందికి అసలు పడదు కూడా" అన్నాడు. పీల్చుకునే మందు రాసిచ్చాడు.

బస్సులో మావారు, "మానెయ్యరాదూ? ఇదేమన్నా బతుకుతెరువా?" అన్నారు. మానడం నావల్ల కాదని ఆయనకీ తెలుసు. మైలవరం దాటే దాకా ఇద్దరం కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ కూర్చున్నాం.

ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి టార్చి లైటు తెచ్చారు. తన ముక్కుకి మాస్కు పెట్టుకుని, నన్ను గుమ్మం బయటే నిలబెట్టి, సాండర్ కాసేపు నడిపి ఆపేశారు. టీ తాగి వచ్చాం. షెడ్డు శుభ్రంగానే ఉన్నట్టుంది. ఆయన లైటు ఆర్పి టార్చి వేశారు. ఆ వెలుగులో గాలి నిండా పొడి మెల్లగా తిరుగుతూ ఉంది, సరిగ్గా నా ముఖం ఉండే ఎత్తులో.

"ఎయిర్ ఫిల్టర్ లేకుండా బస్సు నడిపితే ఇంజను పోతుంది. నువ్వు అలాగే నడుపుతున్నావు" అన్నారు.

"అయితే ఫిల్టర్ పెట్టండి" అన్నాను. ఆయన నవ్వలేదు కానీ, కొలతలు తీయడం మొదలుపెట్టారు.

సాండర్‌కి గొట్టం తగిలించి వాక్యూమ్ మెషిన్‌కి కలిపారు. గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, దానికి ఎదురుగా గాలి వచ్చేలా కిటికీ పెట్టించారు. చీపురు షెడ్డులోంచి తీసేశాం. ఊడిస్తే దిగిన పొడి మళ్ళీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవడం నేర్చుకున్నాను. రెండు పక్కలా ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు తెప్పించాం. మొదట్లో దాంతో నానా అవస్థ పడ్డాను. కళ్ళద్దాలకి ఆవిరి పట్టేది, పట్టీ జడలో చిక్కుకునేది. ఫిల్టర్లని అరచేతులతో మూసి ఊపిరి పీలిస్తే మాస్కు ముఖానికి అతుక్కోవాలి. అతుక్కోకపోతే పక్కనుంచి గాలి దూరుతున్నట్టే. అది కుదిరాక అద్దాలకీ ఆవిరి పట్టలేదు. పనయ్యాక బట్టలు మార్చుకోకుండా ఇంట్లోకి రావద్దని మావారి షరతు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, మాస్కులో నన్ను చూసి పారిపోయినంత పనిచేసింది.

ఎం.డి.ఎఫ్. పలకలు పక్కన పడేశాను. మిగిలిన టేకుని వీలైనంతవరకు చిత్రిక పట్టాను. చిత్రిక కింద చెక్క రిబ్బన్లలా చుట్టలుగా వస్తుంది, పొడి తక్కువ. ఆలస్యమైంది. ఆ క్రిస్మస్‌కి పాస్టరుగారు పాత బల్ల దగ్గరే నిలబడ్డారు. "అమ్మా, వాక్యం అదేగా. మీరు నిదానంగా చేయండి" అన్నారు. వేసవి సెలవుల ముందు పూర్తిచేసి ఇచ్చాను.

దగ్గు మెల్లగా తగ్గింది. పూర్తిగా పోయిందనలేను. పీల్చే మందు హ్యాండుబ్యాగులో ఉంటుంది. టేకు మాత్రం మానేశాను.

మొన్న వేప పలకల కోసం విస్సన్నపేట రోడ్డులో టింబర్ డిపోకి వెళ్ళాను. లోపల రంపం తిరుగుతోంది. గుమ్మంలోనే దగ్గు తెర వచ్చింది. బయటికొచ్చి, పలకలు ఎండలోకి తెప్పించమన్నాను. యజమాని నన్ను వింతగా చూసి, "అదేంటండి మేడం, లోపల ఫ్యాన్ ఉందిగా" అన్నాడు. ఎందుకో చెప్పాను. ఆయన విని, రెండు పలకలు తిరగేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా తమ్ముడికి కూడా రాత్రిళ్ళు ఇట్టాగే వస్తందండి. నిమ్ము చేసిందనుకుంటన్నాం. ఆ డాక్టరు గారు ఎక్కడుంటారు?" అని అడిగాడు.

విజయవాడలో ఏ వీధో, ఏ వారం కూర్చుంటాడో చెప్పాను. రంపం చప్పుడుకి సగం వినిపించక, ఆయన లోపలికి వెళ్ళి రంపం ఆపించి వచ్చాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను.