బల్లకింద బాబాయి

మా బాబాయి ఏ వస్తువునీ పైనుంచి చూసిన పాపాన పోలేదు. కుర్చీ కానీ, బల్ల కానీ, అలమారా కానీ, పాతదైతే చాలు, వెల్లకిలా పడుకుని దానికిందికి దూరిపోయేవాడు. పాత సామాన్ల దుకాణంలో ఆయన్ని వెతకాలంటే మనుషుల మొహాలు చూసి లాభం లేదు. ఏ బల్లకింద నుంచి రెండు పాదాలు బయటికొచ్చాయో చూసుకోవాలి. మా పిన్ని ఆ పాదాలతోనే మాట్లాడేది.

"ఏమండీ, ఇంటికెళ్దామా?"

ఎడమ పాదం అడ్డంగా ఊగేది. ఇంకా కాలేదని అర్థం.

ఓసారి ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "ఆ బల్లమీద పడుకోండి" అని చెప్పి డాక్టరు చేతులు కడుక్కుని తిరిగేసరికి బల్లమీద మనిషి లేడు. "సార్, ఇలాంటి బల్ల ఎక్కడ పట్టారు?" అని కిందినుంచి గొంతు వినిపించింది. పాపం ఆ డాక్టరు కూడా వంగి, నేలమీద కూర్చుని, అక్కడే నాడి చూశాడట.

నవ్వుకునేవాళ్ళం కానీ, ఆ మనిషి కిందినుంచి లేచి ఏం చెబుతాడా అని ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం కూడా. ఒక దుకాణంలో సొరుగుల బీరువా ఒకటి ఉండేది. బాబాయి దానికింద పావుగంట ఉండి, జుట్టునిండా బూజుతో లేచాడు.

"దీన్ని చేసినాయనది ఎడమచేతి వాటం. కానీ అడుగు సొరుగు ఆయన చెయ్యలేదు. ఎవరో కుర్రాడు, భయపడుతూ చేశాడు. ప్రతి గీతా రెండుసార్లు గీశాడు."

దుకాణదారు నోరు తెరిచాడు. "మా తాతండీ చేసింది. చివర్లో చెయ్యి విరిగితే మా నాన్న పూర్తిచేశాడు. మీకెవరు చెప్పారు?"

"బీరువాయే చెప్పింది" అన్నాడు బాబాయి, చొక్కా దులుపుకుంటూ. ఆ రోజునుంచి నేనూ పాత సామాన్ల పిచ్చిలో పడ్డాను. రంపం గీతలు ఎలా చదవాలో, కొయ్యమేకుకీ ఇనపమేకుకీ తేడా ఏమిటో, పురుగు తిన్న చెక్క మోగితే ఎలా ఉంటుందో, అన్నీ ఆయన పక్కన పడుకునే నేర్చుకున్నాను.

పెళ్ళయి కొత్త ఇల్లు తీసుకున్నాక, ఎనిమిదిమంది కూర్చునే పాత భోజనాల బల్ల ఒకటి నా కంట పడింది. తేనెరంగు పాలిష్, చెక్కిన కాళ్ళు. కిందికి దూరాలన్న మాటే మరిచి, చూస్తూ నిలబడిపోయాను. బాబాయికి ఫోన్ చేస్తే ఆయన జ్వరంతో మూలుగుతున్నాడు. ఎప్పుడూ "కిందికి దూరు" అనే మనిషి, ఆ రోజు దగ్గుకీ దగ్గుకీ మధ్య ఒకే మాటన్నాడు.

"అమ్మాయ్, ముందు అడుగు! తర్వాతే కొను."

అడిగాను. ఒకసారి కాదు, గంటసేపు అడిగాను. ధర అడిగాను, తగ్గించమని అడిగాను, ఇంటిదాకా తెచ్చిపెట్టమని అడిగాను. దుకాణదారు చేతులెత్తేశాడు. ఇంత బాగా అడిగినందుకు బాబాయి మెచ్చుకుంటాడని మురిసిపోతూ బల్ల ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన అడగమనలేదు మహాప్రభో, బల్ల అడుగు చూడమన్నాడు!

మాతోనే ఉండే మా అత్తగారికి పాత వస్తువులంటే గిట్టదు. "ఎవరో తిని వదిలేసిన బల్లమీద మనం తినడమేంటే?" అంది. నేను తగ్గలేదు. మాటామాటా పెరిగి చివరికి పందెంలోకి దిగింది.

"సరే, మీ బాబాయిగారు అబద్ధమాడరుగా? ఆయనొచ్చి బాగుందంటే నేనిక నోరెత్తను. పనికిరాదంటే మాత్రం, ఇకమీదట ఈ ఇంట్లోకి చెంచా కొనాలన్నా నేనే కొంటాను."

"అలాగే అత్తయ్యా" అన్నాను ధీమాగా. అది నా ఇంటికి నేను ఎంచుకున్న మొదటి వస్తువు. అది ఓడితే ఇల్లంతా ఓడినట్టే.

ఆదివారం బాబాయి వచ్చాడు. వస్తూనే కిందికి దూరాడు. మా ఆయన, అత్తగారు, నేను చుట్టూ నిలబడ్డాం. మామూలుగా ఊగే పాదాలు ఊగలేదు. వేళ్ళు మాత్రం ఒక్కసారి ముడుచుకున్నాయి. ఇరవై నిమిషాలైంది.

బాబాయి నెమ్మదిగా బయటికొచ్చాడు. కనుబొమలమీద తెల్లటి పొడి. నా మొహం చూశాడు, మా అత్తగారి మొహం చూశాడు.

"చెల్లెమ్మగారూ, నలభై ఏళ్ళుగా బల్లలకింద బతుకుతున్నాను. ఇలాంటి అడుగు నా జన్మలో చూడలేదు."

అత్తగారు కళ్ళు పెద్దవి చేసింది. నేను గాల్లో తేలాను.

"కాకపోతే ఈ పూట దీనిమీద బరువేమీ పెట్టకండి, పాలిష్ పచ్చిగా ఉంది" అన్నాడు. అందరం కంచాలు చేత్తో పట్టుకుని తిన్నాం. వెళ్తూ వెళ్తూ, "తనివి తీరలేదమ్మాయ్, వచ్చే వారం మళ్ళీ చూసుకుంటాను" అన్నాడు.

అన్నట్టే ప్రతి ఆదివారం పొడవాటి సంచీతో వచ్చేవాడు. వచ్చీరాగానే నన్ను ఏదో ఒకటి తెమ్మని బజారుకి పంపేవాడు. మా ఆయన్ని ఫలానా రకం సబ్బు కోసం ఊరంతా తిప్పాడు. అత్తగారు ఆ వేళకి ఎలాగూ గుడిలో ఉండేది. నా బల్ల అంత గొప్పదని నేను వీధంతా చెప్పుకున్నాను. రెండు నెలలు ఇలా గడిచాక పిన్ని ఫోన్ చేసింది.

"ఏమే, మీ బాబాయికేమైనా అయిందంటావా? హాల్లో ఆ పొడుగు టేకు బెంచీ లేదూ, పదకొండేళ్ళు వెతికి తెచ్చుకున్నది? అది వారం వారం చిక్కిపోతోందే! మొదట ఆరుగురు కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం కూర్చుంటే భుజాలు తగులుతున్నాయి."

ఫోన్ పెట్టేసి, టార్చి తీసుకుని, మొదటిసారి నా బల్లకింద పడుకున్నాను.

ఏం చెప్పను! అడ్డపట్టీలన్నీ ముదురు టేకు. చెక్కిన కాళ్ళలో మూడు అచ్చం పాతవాటిలాగే ఉన్నాయి, వేలితో మీటితే మాత్రం కంచులా మోగాయి. ఎక్కడా ఇనపమేకు లేదు. నాలుగో కాలు మీటితే బోలుగా పలికి, పిండి రాలింది. నేను కొన్నప్పుడు కాళ్ళన్నీ పురుగు తిన్న డొల్లలేనన్నమాట, పుట్టీ పూసి పాలిష్ కొట్టి నాకు అంటగట్టారు! పైపలకా, ఆ నాలుగో కాలూ మాత్రమే నేను కొన్నవి. మిగతా బల్లంతా, పైన గ్లాసులో నీళ్ళు కూడా తొణక్కుండా, బాబాయి మార్చేశాడు. ఏడుద్దామంటే ముక్కులో పొడి పోయి తుమ్మొచ్చింది.

మర్నాడు ఆదివారం. ఆయన టీపొడి తెమ్మన్నాడు. నేను తలుపు చప్పుడు చేసి, వెళ్ళకుండా, టార్చితో అవతలి వైపునుంచి బల్లకిందికి దూరాను.

"టీపొడి దొరికిందా?" అన్నాడు, తల తిప్పకుండా.

"బెంచీ ఎలా ఉంది బాబాయ్?"

ఉలి ఆగింది. "కూర్చునేది ఇద్దరమే కదే. అంత పొడుగెందుకు?"

"నాతో ఒక్కమాట అనొచ్చుగా!"

"ఏమనాలి? అంత ముచ్చటపడి తెచ్చుకున్నావు."

"మా అత్తయ్యతో అబద్ధమాడావు."

"అబద్ధమా?" అన్నాడు బాబాయి, నిజంగా నొచ్చుకుని. "అంత దిక్కుమాలిన అడుగు నా జన్మలో చూడలేదు. ఉన్నమాటే చెప్పాను. ఆ టార్చి కాస్త ఇటు పట్టుకో."

పట్టుకున్నాను. నాలుగో కాలు తన చోట్లో కూర్చుంది. చివరి కొయ్యమేకు దించి ఆయన చెయ్యి తుడుచుకుంటుండగా తలుపు దగ్గర, గుడినుంచి వచ్చిన అత్తగారి గొంతు వినిపించింది.

"ఏంటిది, నాలుగు పాదాలున్నాయి?"

"తనివి తీరక చూసుకుంటున్నాం చెల్లెమ్మగారూ" అన్నాడు బాబాయి.

అత్తగారు చేతిలో ప్రసాదం బల్లమీద పెట్టింది. తర్వాత ఒక మోకాలు పట్టుకుని, అబ్బా అనుకుంటూ నేలమీద కూర్చుని, మెల్లగా వెనక్కి వాలింది.

"ఏదీ, కాస్త జరగవే. అంతగా ఏముందో నన్నూ చూడనీ."

నేను జరిగి చోటిచ్చాను.