ఆర్న్‌దీస్‌కు చెమట పట్టదు

ఆర్న్‌దీస్ ఏ పని మధ్యలోనైనా ముంజేతిని నుదుటికి రాసుకుని, దాన్ని ఒకసారి చూసుకునేది. ముంజేయి పొడిగా ఉండేది. ఆట చివరి నిమిషాల్లోనూ అంతే. ఐస్‌లాండ్‌లో అదొక లోపమని ఎవరికీ తోచలేదు. మా దేశంలో చెమటతో ఎవరికి పని?

ఆమెకు ముప్ఫైరెండేళ్ళు. పడమటి తీరంలో చేపల రేవున్న ఊరు. పగలు ఊరి ఈతకొలనులో ఉద్యోగం, సాయంత్రం ఫుట్‌బాల్. జాతీయ జట్టు రక్షణ వరుసలో నడిమి చోటు ఆమెది. ఇంతకు ముందు రెండు పెద్ద టోర్నమెంట్లకు వెళ్ళలేకపోయింది. ఒకసారి మోకాలు విరిగింది. ఒకసారి కూతురు పుట్టింది. ఈసారి ఆటలు సముద్రాల అవతల, జూలైలో, మధ్యాహ్నం మూడు గంటల ఎండలో. నాలుగేళ్ళ తర్వాత వచ్చేదానికి తనను ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు.

అంత ఎండ మాకెక్కడిది? ఐవిందుర్ అనే రైతు పంట తీసేసిన టొమాటోల గాజు ఇల్లొకటి జట్టుకు ఇచ్చాడు. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళను గొట్టాల నిండా వదిలాడు. లోపల ముప్ఫైఎనిమిది డిగ్రీలు. ఎండిన ఆకుల వాసన. కదలని సైకిళ్ళు ఇరవైఆరు, వరుసగా. పది రోజులు, రోజుకు గంటసేపు తొక్కాలి. ముందు రోజు రాత్రే ఒక మాత్ర మింగాలి. కడుపులో ఎంత వేడి ఉందో అది డాక్టరు చేతిలోని యంత్రానికి చెబుతుంది. పదో రోజున అంకె ముప్ఫైతొమ్మిదిన్నర దాటితే విమానం ఎక్కించరు.

మూడో రోజుకే అందరి సైకిళ్ళ కింద నేల తడిసింది. ఆర్న్‌దీస్ సైకిలు కింద దుమ్ము అలాగే ఉంది.

“ఏమే, ఏళ్ళ తరబడి కొలనులో పనిచేసి ఒక్క చుక్క దాచుకోలేకపోయావా?” అంది పక్క సైకిలు మీది బిర్తా. ఆమెకు ఇరవైయొక్కేళ్ళు. అదే నడిమి చోటుకు ఆడుతుంది. ఇద్దరిదీ ఒకటే గది.

“నీ కింద మడుగు చూసుకో ముందు. బాతులు దిగేలా ఉన్నాయి.”

ఆరో రోజు ఆర్న్‌దీస్ అంకె ముప్ఫైతొమ్మిది పాయింటు ఎనిమిది.

“నేనేం చెయ్యాలి, ఉనా?” అని డాక్టర్ని అడిగింది.

“చెయ్యడానికేం లేదు. నీళ్ళు తాగు, నిద్రపో. సాయంత్రం కాసేపు వేడినీళ్ళలో కూర్చో. ఒళ్ళు నేర్చుకుంటే నేర్చుకుంటుంది.”

“కాలు మాట వినకపోతే కాలికి పని చెబుతాను. దీనికి ఎవరితో చెప్పుకోను?”

ఉనా యంత్రం పట్టుకుని పక్క సైకిలు దగ్గరికి వెళ్ళింది.

తొమ్మిదో రోజు అంకె సరిగ్గా ముప్ఫైతొమ్మిదిన్నర దగ్గర ఆగింది. ఆ రాత్రి ఆర్న్‌దీస్ రెండు గిన్నెల మాంసం పులుసు తాగింది, ఎవరో వేసిన జోకుకు గట్టిగా నవ్వింది.

మా వాళ్ళకు నడుంనొప్పికీ జలుబుకూ దిగులుకూ వేడినీళ్ళే మందు. పదో రోజు ఉదయం అందరికంటే ముందు లేచి, బస వెనకనున్న వేడినీళ్ళ తొట్టిలో ఆమె మెడదాకా గంటసేపు కూర్చుంది. ఇంకొంచెం ఎక్కువైతే ఇంకొంచెం మంచిదనుకుంది. ఎర్రబడిన ముఖంతో గదికి వచ్చింది.

“ఎక్కడికెళ్ళొచ్చావే?” అంది బిర్తా దుప్పటిలోంచి.

“ఎండకి.”

గాజు ఇంట్లో, సైకిలు ఎక్కకముందే, ఉనా యంత్రాన్ని రెండుసార్లు చూసింది.

“ముప్ఫైఎనిమిది పైన ఉంది. జ్వరమా?”

ఆర్న్‌దీస్ తొట్టి సంగతి చెప్పింది.

“సాయంత్రమైతే మేలే. పరీక్షకు ముందు ఎవరైనా ఉడుకుతారా తల్లీ!”

“రేపు పెట్టు.”

“పన్నెండింటికల్లా పేర్లు పంపేయాలి.”

ఆమె తొక్కింది. నలభై ఒకటో నిమిషంలో అంకె ముప్ఫైతొమ్మిదిన్నర దాటింది, ఉనా వచ్చి హ్యాండిల్ మీద చేయి వేసింది.

“ఆపు.”

“కాళ్ళు బాగానే ఉన్నాయి.”

“కాళ్ళనెవరడిగారు?”

బయట కోచ్ హఫ్లిదీ నిలబడి ఉన్నాడు.

“నాకూ ఇష్టం లేదు,” అన్నాడు.

“నీ ఇష్టం నేనడగలేదు. ఒక్క ఆట. అందులో అరగంట.”

“అక్కడ పడిపోతే?”

“పడిపోతే ఎత్తుతారు.”

అతను నేల చూశాడు. “నీకో కూతురుంది, ఆర్న్‌దీస్.”

పన్నెండింటికి ఇరవైమూడు పేర్లు వెళ్ళాయి. అందులో బిర్తా పేరుంది. మిగిలిపోయిన మరో ఇద్దరు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆర్న్‌దీస్ సంచి సర్దుతుంటే హఫ్లిదీ గది గుమ్మం దాకా వచ్చాడు. ఇద్దరికి మడమల నొప్పి, రేపు రెండు జట్లుగా చీలి ఆడే సాధన ఆటకు ఒక మనిషి తక్కువ అన్నాడు.

“ఎవరి బదులు?” అంది ఆమె.

“టోర్నమెంటులో మనకు ఎదురయ్యే జట్టు తొమ్మిదో నంబరు బదులు. పొడుగు మనిషి. తలతో ఆడుతుంది. నీలాగే.”

బిర్తా గోడవైపు తిరిగి పడుకుంది. ఆర్న్‌దీస్ సర్దడం ఆపలేదు.

మరుసటి ఉదయం సన్నగా వాన పడుతోంది. ఆమె అవతలి జట్టుగా ఆడేవాళ్ళ పసుపు బనియను వేసుకుని మైదానంలోకి దిగింది. మూడు కార్నర్ కిక్‌లు వచ్చాయి. మూడోది బిర్తా తల మీదుగా ఎగిరి ఆమె తలకు తగిలి గోల్‌లోకి వెళ్ళింది. హఫ్లిదీ ఈల వేసి, బిర్తా ఎక్కడ నిలబడాలో ఆమెనే చూపించమన్నాడు. ఆర్న్‌దీస్ వెళ్ళి బిర్తాను భుజాలు పట్టుకుని అరడుగు వెనక్కి జరిపి, కొంచెం పక్కకు తిప్పింది.

“ఇక్కడ. బంతిని కాదు, నన్ను చూడు.”

తన చోటుకు తిరిగి వెళ్ళి, మళ్ళీ కొట్టమని చేయెత్తింది.