ఆరని నలుపు

సౌదీ ఉద్యోగులు తక్కువున్నారని అక్కడి సర్కారువాళ్లు మా ఆయన కంపెనీని రెడ్ లిస్టులో పెట్టారు. అక్కడ ఉండటానికిచ్చే మా ఇకామా కార్డులు రెన్యువల్ కాలేదు. ఉండటానికీ లేదు, పోవటానికీ లేదు. దమ్మామ్ బస్టాండులో ఆయన మగవాళ్ల వైపు టికెట్ల దగ్గర గడువు తీరిన ఇకామాల మీదే టికెట్లిమ్మని బతిమాలుతూ, ఆడవాళ్ల గదిలో ఉన్న నాకు మాటిమాటికీ ఫోన్ చేసేవాడు. మోగగానే నేను అబాయా సర్దుకుని లేవడం, "ఇంకా కాలేదు, కూర్చో" అంటే కూర్చోవడం.

నా తెలుగు విని పక్కనున్న అమ్మాయి నవ్వింది. నిజామాబాద్ వైపు మాట. సంచిలోంచి నల్ల గోళ్ల రంగు తీసి, "ఇయ్యాల నమాజ్ ఉన్నదా అక్కా?" అని మెల్లగా అడిగింది. రంగుంటే నమాజుకు ముందు కడుక్కునే వజూ నీళ్లు గోటికి తగలవు కదా, నెలసరికి నమాజు లేని రోజుల్లోనే మాకు ఆ ముచ్చట. లేదన్నాను. నా చెయ్యి లాక్కుని పూసింది. అప్పటిదాకా గోరింటాకు ఎరుపు తప్ప నేనేదీ ఎరగను.

కాసేపటికి మెరుపంతా చచ్చి పలకలా అయింది.

"చెడిపోయిందే."

"చెడలే అక్కా. మ్యాట్ గంతే. మెరుపు పోతేనే ఆరినట్టు."

రెండో చెయ్యి పూస్తుండగా ఫోన్ మోగింది. లేవబోయాను. "ఇంకా ఆరలే, మోగనీ" అంది. మోగి మోగి ఆగిపోయింది.

ఆమె బస్సొచ్చి వెళ్లిపోయింది. ఫోన్ మళ్లీ మోగింది. పది వేళ్లూ చాచుకుని అలాగే కూర్చున్నాను.

చివరికి ఆయనే గుమ్మం దగ్గరికొచ్చి పిలిచాడు. బస్సెక్కనిచ్చేది లేదన్నారట.

"ఫోనెందుకెత్తలేదు?"

"గోళ్లు ఆరలేదు" అన్నాను.

మెరుపు పోయి అప్పటికే చాలాసేపైంది.